గంగాధరం మామ మాటిచ్చిన వీడియో

ఈ ఫోన్లు తయారు చేసేవాళ్లెవరైనా నా కంటబడితే కడిగిపారేస్తాను. సూళ్లూరుపేటలో రీచార్జి కొట్టు పెట్టినప్పటినుంచీ నా దగ్గరికొచ్చే గొడవల్లో సగం స్క్రీన్ రికార్డింగువే. ఒకరికి బొమ్మ నల్లగా వస్తుంది, ఒకరికి మధ్యలో ఆగిపోతుంది. వాటన్నిటికీ నా దగ్గర మందుంది. మా వనజక్క గొడవకే లేకపోయింది.

వనజాక్షి మా పెద్దమ్మ కూతురు. పులికాట్ ఒడ్డున మా పుట్టినూళ్లోనే ఉంటుంది. సరస్సులో ఎవరు ఏ చోట, ఏ రోజు వల వెయ్యాలో అక్కడ ఏడాదికోసారి పెద్దలు చీట్లు తీసి వంతులు పంచుతారు. మగవాడున్న ఇంటికే చీటీ. బావ నిరుడు జ్వరంతో పోయాడు. ఇప్పుడా ఇంట్లో అక్క, తన కూతురు వెన్నెల, అంతే. చీటీ పోతే అక్క ఇంకొకరి రొయ్యలకు తలలు తీస్తూ బతకాలి.

ఊరి పెద్ద గంగాధరం మామ మోకాలి ఆపరేషనుకని చెన్నైలో కూతురింట్లో ఉన్నాడు. ఆయనకు వీడియో కాల్ చేసి, వల మా తమ్ముడు వేస్తాడని చెప్పి, బావ చీటీ ఉంచమని అడిగి, ఆయన సరేనంటే అది రికార్డు చేసుకోవాలని అక్క ఆలోచన.

"మాట మీద నమ్మకం లేదా అని మామ అలుగుతాడేమో అక్కా," అన్నాను.

"తెలిస్తే గదా అలిగేది. నువ్వు నేర్పించు మే."

ఇంకో ఫోను తెచ్చి పక్కనుంచి తీద్దామంటే, నా ఫోను లేకుంటే కొట్టు నడవదు, ఊళ్లో ఎవరినడిగినా పొద్దుగూకేలోపు మామ చెవిన పడుతుంది. సరే, కూర్చున్నాం. మొదట ఫోనులో జాగా లేదంది. గుడ్ మార్నింగ్ పువ్వులన్నీ తీసి అవతల పారేశాను. తర్వాత రికార్డింగు దానంతటదే ఆగిపోయింది. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు ఆపేశాను. ఆ తర్వాత బొమ్మ వచ్చింది, మాట రాలేదు. మైకు నొక్కి, అక్కను ఏదైనా మాట్లాడమన్నాను. "ఏం మాట్లాడేది? నాకు సిగ్గు," అంది. ఆ సిగ్గు కూడా శుభ్రంగా రికార్డయింది. ఇద్దరం నవ్వుకున్నాం. అక్క ధైర్యంగా ఇంటికెళ్లింది.

మర్నాడు మొహం వెలిగిపోతూ వచ్చింది. "ఒప్పుకున్నాడు సుభా. మన తమ్ముడు వల వేస్తాడంటే సరే అన్నాడు," అని ఫోను నా చేతిలో పెట్టింది.

వీడియోలో మామ చక్కగా ఉన్నాడు. తల ఊపుతున్నాడు, గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. మాట మాత్రం లేదు. సౌండు పెంచాను. ఇయర్‌ఫోన్ పెట్టాను. కంప్యూటర్లో వేశాను. పోయిన శబ్దం తెస్తామనే యాప్ కూడా ఎక్కించాను, అది ప్రకటనలు తప్ప ఏమీ తేలేదు. కాల్ నడిచేటప్పుడు మైకును ఆ కాలే పట్టుకుంటుంది, కొన్ని ఫోన్లలో రికార్డింగుకు ఏమీ దక్కదు. లేని శబ్దాన్ని నేనెక్కడినుంచి తెచ్చేది?

"నిన్న వచ్చింది గదా మే," అంది అక్క.

"నిన్న కాల్ కాదక్కా."

అక్క మళ్లీ ఫోన్ చేసింది. ఊరికొచ్చినాక మాట్లాడుకుందామని మామ పెట్టేశాడు. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండింటితోనూ పని జరగలేదు.

చీట్ల రోజు కొట్టు మూసి అక్కతో వెళ్లాను. పెద్దలు షెడ్డులో కూర్చున్నారు, ఆడవాళ్లం బయట నిలబడ్డాం. మామ కాలు చాపుకొని కుర్చీలో ఉన్నాడు. పేర్లు చదివి, చీట్లు బిందెలో వేశారు. బావ పేరు చదవలేదు.

అక్క లోపలికి నడిచింది. "మామా, మా ఇంటి చీటీ వెయ్యలేదు. ఉంచుతానని ఫోన్లో చెప్పినావు గదా. ఇదో, చూడు."

మామ ఫోను తీసుకొని తనను తాను చూసుకున్నాడు. పక్కవాళ్లు వంగి చూశారు. వీడియో చివరిదాకా ఆడింది.

"ఇందులో ఏమీ వినపడలేదే," అన్నాడు మామ. "నాకైతే గుర్తు లేదమ్మా. బాగుండావా అని అడిగుంటాను."

ఎవరో నవ్వారు. "పెద్దాయన్ని దొంగతనంగా తీసినావా?" అని ఇంకొకాయన గదిమాడు. మామ ఫోను తిరిగిచ్చి, బిందె కదపమన్నాడు. నోరున్నదాన్నని నాకు పేరు. ఆరోజు గడప దాటలేకపోయాను.

నా బస్సు కోసం ఇద్దరం రోడ్డు మీద కూర్చున్నప్పుడు అక్క మళ్లీ ఆ వీడియో పెట్టింది. మామ నోరు కదులుతుంటే దానితోపాటు తనూ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది.

"వనజా, దిగులు పడొద్దు. మీ ఆయన చీటీ తియ్యం. మీ తమ్ముడు వల వేస్తాడు. పెద్దోళ్లకి నేను చెప్తా."

ప్రతి మాటా ఆయన నోటి మీద సరిగ్గా కూర్చుంది. "మీ తమ్ముడు" అన్నప్పుడు ఆయన పెదాలు రెండుసార్లు మూతపడ్డాయి. "నేను" అన్నప్పుడు చెయ్యి గుండె మీదికి వెళ్లింది.

"నీకు వినపడిందా సుభా?" అంది అక్క.

"వినపడింది."

"విన్న ఇద్దరం ఆడోళ్లమే గదా," అని ఫోను కొంగులో చుట్టుకుంది.