మా పేజీకి రాని ఫిర్యాదు

గత పదిహేను రోజుల్లో నీళ్ల గురించి మా పేజీకి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని ధ్రువీకరిస్తూ మంగళవారం మధ్యాహ్నం సంతకం పెట్టాను. ఆ సంతకంతో నా చెల్లెలి మొగుడి ఉద్యోగం పోతుందని తెలిసే పెట్టాను. అతను అబద్ధమాడుతున్నాడన్నది నా గట్టి నమ్మకం.

మా నగరానికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. వీధులకు పేర్లు లేవు, అంకెలున్నాయి. ఆఫీసు లిఫ్టు తలుపులకు అంటుకుని వచ్చిన ప్లాస్టిక్ పొరను ఇంతవరకూ ఎవరూ పీకలేదు, పీకమని ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు గనక. నేను పనిచేసేది మూడో అంతస్తులో, సమాచార విభాగంలో. నగరపాలక సంస్థకు నెట్‌లో ఉన్న పేజీని చూసుకోవడం నా పని. రేపు ఏ వీధికి నీళ్లు రావో, ఏ రోడ్డు తవ్వుతారో అందులో పెడతాను. జనం అడిగినవాటికి జవాబులిస్తాను. ఆఫీసులో అందరూ నన్ను పేజీ మేడం అంటారు.

మా ఆఫీసరుకు మేం పెట్టుకున్న పేరు మూడు సంతకాలాయన. ఈ రోజు ఎండగా ఉంది అని పేజీలో పెట్టాలన్నా ఆయనకు ముగ్గురి సంతకాలు కావాలి. ఆయనా నేనూ కూర్చుని ఉద్యోగుల కోసం సోషల్ మీడియా విధానం అని ఇరవై రెండు నిబంధనలు రాశాం. తొమ్మిదోది పూర్తిగా నాది. నగర ఉద్యోగికి నగరం మీద ఏదైనా ఫిర్యాదు ఉంటే ముందు మా పేజీలో రాయాలి, మూడు రోజులు ఆగాలి, ఆ తర్వాతే బయట నోరు విప్పాలి. ఆగకుండా బయటపెడితే ఉద్యోగం ఊడుతుంది. పేజీ చూసే మాకైతే అసలు సొంత ఖాతాలే ఉండకూడదు. నాది నేను మొదటి రోజే మూసేశాను.

మా మరిది సిటీ బస్సు డ్రైవరు. వాళ్లుండేది పద్నాలుగో వీధిలో, ఉద్యోగుల ఇళ్ల సముదాయంలో. అక్కడి కుళాయి నీళ్లను గ్లాసులో పట్టి వీడియో తీసి, బస్సు వాళ్ల గ్రూపులో పెట్టాడు. సాయంత్రానికల్లా అది ఊరంతా చుట్టొచ్చింది. మర్నాడే అతనికి నోటీసు వచ్చింది, గురువారం ఉదయం కమిషనర్ ముందు విచారణ అని.

నోటీసు పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు, యూనిఫాంలోనే.

"నేను ముందు మీ పేజీలోనే రాశాను వదినా. మూడు కాదు, ఐదు రోజులు ఆగాను. ఇదిగో చూడండి."

ఫోన్ చూపించాడు. నిజమే, మా పేజీలో, నీటి సరఫరా ప్రకటన కింద, కుళాయి నీళ్లు వాసన వస్తున్నాయని అతని కామెంటు ఉంది. నలభై మూడు మంది లైకులు కొట్టారు. నేను నా కంప్యూటర్లో చూశాను. మేం పేజీని నేరుగా చూడం. సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు తయారుచేసిచ్చిన జవాబుల బోర్డులోకి కామెంట్లన్నీ వచ్చి పడతాయి, మేం అందులోనే చూసి జవాబిస్తాం. అందులో అతని కామెంటు లేదు. పక్క సీటు అమ్మాయి ఫోన్ తీసుకుని పేజీ తెరిచి చూశాను. అక్కడా లేదు.

నాకు అనుమానం ఎక్కువ. కూరగాయలవాడు తూకం వేస్తుంటే వాడి చిటికెన వేలు ఎక్కడుందో చూసే మనిషిని. పైగా మా మరిది సంగతి నాకు కొత్త కాదు. కోతలు కోయడంలో అతని తర్వాతే ఎవరైనా. బస్సుకు కుక్క అడ్డం వచ్చిందంటే, ఇంటికొచ్చి చెప్పేసరికి అది చిరుతపులి అయి కూర్చుంటుంది. ఒకసారి ఉత్తమ డ్రైవరు బహుమతి తనకేనని ముందే మిఠాయిలు పంచాడు. తీరా అది ఇంకొకరికి ఇచ్చారు.

"ఈ రోజుల్లో ఫోన్లో ఏ బొమ్మనైనా తయారుచేయొచ్చు" అన్నాను.

"తయారుచేశానా? నేనా? నాకు ఫోన్లో గంట మోగే పాట మార్చడమే రాదు వదినా!"

"నీకు రాకపోతే నేర్పేవాళ్లుంటారు. నా చెవిలో పువ్వులు పెట్టకు."

అతను నోటీసు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మామూలుగా పది మాటలు మాట్లాడేవాడు ఒక్కటీ మాట్లాడకుండా వెళ్లాడంటే దొరికిపోయాడనే అనుకున్నాను. ఆఫీసరు ధ్రువపత్రం తెచ్చి ముందు పెట్టారు. బంధువు కదా అని వెనక్కి తగ్గలేదని ఆయన మెచ్చుకున్నారు కూడా. ఆ మెచ్చుకోలు నాకు నచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

బుధవారం పొద్దున్నే చెల్లెలు ఫోన్ చేసింది. ఏడవలేదు, అరవలేదు.

"అక్కా, మా మెట్ల దగ్గర అందరి ఫోన్లలోనూ ఆయన రాసింది కనిపిస్తోంది. మీ ఒక్కళ్లకే ఎందుకు కనపడదు? ఒక్కసారి వచ్చి చూడవే."

అందరూ కూడబలుక్కున్నారనే అనుకున్నాను. ఎక్కడ అతుకు వేశారో పట్టుకుందామని సెలవు పెట్టి మరీ వెళ్లాను.

తలుపు తీయగానే నీళ్ల కంపు కొట్టింది. వంటింట్లో బిందెల మీద గుడ్డలు కట్టి ఉన్నాయి. చెల్లెలు తాగడానికి నీళ్లు రెండు వీధుల అవతలి నుంచి మోసుకొస్తోందట. మరిది పడకగదిలోంచి బయటికి రాలేదు. నేను పలకరించలేదు.

చెల్లెలి ఫోన్లో కామెంటు ఉంది. ఎదురింటి టైలరమ్మ ఫోన్లో ఉంది. కింద కాపలా ఆయన ఫోన్లోనూ ఉంది. ముగ్గురివీ లాక్కున్నట్టే తీసుకుని వేలితో పైకీ కిందికీ జరిపి చూశాను. ఇదేం తయారుచేసిన బొమ్మ కాదు, నిజం పేజీయే. అప్పుడు పై అంతస్తు లెక్కల టీచరు దిగొచ్చింది.

"నా దాంట్లో మాత్రం లేదండీ. అబద్ధం నేనెందుకు చెప్పాలి?" అంది.

ఆవిడకూ మా చెల్లెలికీ బట్టలారేసే తీగ దగ్గర మాటా మాటా వచ్చి ఆరు నెలలైంది. నెట్‌లో కూడా ఒకరి స్నేహితుల జాబితాలో ఒకరు లేరు. మరిదితోనూ అంతే. కనిపించినవాళ్లంతా అతని స్నేహితులు, కనిపించనివాళ్లంతా కానివాళ్లు.

"టీచరుగారూ, మీ ఫోన్ ఒక్క ఐదు నిమిషాలివ్వండి" అని అడిగి తీసుకున్నాను. చెల్లెల్ని మెట్ల మీద కూర్చోబెట్టాను. "ఇప్పుడు మా పేజీలో రాయి, నీళ్లు రంగు మారాయి అని."

రాసింది. టీచరు ఫోన్లో వెంటనే కనిపించింది.

"నీళ్లు సన్నగా వస్తున్నాయి అని రాయి."

అదీ కనిపించింది.

"నీళ్లు వాసన వస్తున్నాయి అని రాయి."

కనిపించలేదు. పేజీ మూసి మళ్లీ తెరిచాను. లేదు. చెల్లెలి ఫోన్లో మాత్రం శుభ్రంగా ఉంది.

"ఏంటక్కా, ఏమైంది? నీ మొహం అలా అయిపోయిందేంటి?"

నాకు అర్థమైపోయింది. ఆరు నెలల కిందట పన్నెండో వీధిలో ప్రజా మరుగుదొడ్లు మొదలుపెట్టాం. కమిషనర్ రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో పేజీలో పెట్టాను. జనం ఊరుకుంటారా! ఇక్కడిదాకా వాసన వస్తోంది మేడం అని ఒకరు, వాసన చూసి ప్రారంభించారా అని ఇంకొకరు, సాయంత్రానికి వందకు పైగా రాశారు. మూడు సంతకాలాయనకు చెమటలు పట్టాయి. వెంటనే ఆపాలన్నారు. నేను కూర్చుని ముప్పై ఒక్క మాటలతో పట్టిక రాసిచ్చాను. ఆ మాటలున్న కామెంటును పేజీ దానంతటదే దాచేస్తుంది. రాసినవాళ్లకూ వాళ్ల స్నేహితులకూ మాత్రం కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి గొడవ ఉండదని కంపెనీ కుర్రాడు చెబితే, భలే ఉపాయమని సంబరపడ్డాను కూడా. పట్టికలో మొదటి మాట వాసన. ఆ పట్టిక ఆ ఒక్క ఫోటోకే అనుకున్నాను. పేజీ మొత్తానికీ పెట్టారని అడిగి తెలుసుకోలేదు. పేజీ దాచేసింది మా జవాబుల బోర్డుకూ రాదని అసలు తట్టలేదు. ఊళ్లో ఎవరి చిటికెన వేలు ఎక్కడుందో చూసే నేను, నా చేత్తో రాసిన కాగితం ఏమైందో చూసుకోలేదు.

చెల్లెలు నా వంకే చూస్తోంది. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"ఏదో మెషీన్ తప్పులా ఉంది. నేను చూసుకుంటాను" అని చెప్పులేసుకున్నాను. పిరికిదాన్ని.

ఆఫీసరు గదిలోకి వెళ్లి తలుపు వేశాను. అంతా విని ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

"మీరిదంతా ఫోన్లో రికార్డు చేయడం లేదు కదా?"

"లేదు సార్." ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని తిరగేసి చూశారు. అయినా గొంతు తగ్గించే మాట్లాడారు. "ఆ మాట పట్టికలోంచి తీసేద్దాం. ఇక మీదట వచ్చేవి వస్తాయి. పాతవి మాత్రం కదపొద్దు. ఆరు నెలల ఫిర్యాదులు ఒక్కసారి బయటపడితే కొంప మునుగుతుంది. పట్టిక మీద మీదీ నాదీ ఇంకొకరిదీ సంతకాలున్నాయి. మర్చిపోకండి."

"మరి మా మరిది?"

"డ్రైవర్లకు ఉద్యోగాలకేం తక్కువ? ఎక్కడో ఒకచోట మాట్లాడి పెడదాం. మీరు మాత్రం ధ్రువపత్రం జోలికి వెళ్లకండి."

ఆయన అలా అంటుంటే భయమేసింది. అంతకంటే భయపడాల్సిన సంగతేమిటంటే, ఒక్క నిమిషం పాటు నాకది సబబుగానే తోచింది. నా ఉద్యోగం నిలుస్తుంది, అతనికి ఇంకొకటి దొరుకుతుంది, మెషీన్ తప్పు మెషీన్ మీదే ఉంటుంది. సరేనన్నట్టు తలాడించి బయటికొచ్చాను కూడా. అయితే పాత ఫైళ్ల బీరువా తీసి పట్టిక అసలు ప్రతి వెతికి సంచిలో పెట్టుకున్నాను. దాన్ని పొద్దున్నకల్లా ఆయన మాయం చేస్తారని అనుమానం. నన్ను నేను నమ్మలేకపోవడం ఇంకో కారణం.

గురువారం విచారణ గదిలో బల్లకు ఆ చివర కమిషనర్, ఆవిడ పక్కన మా ఆఫీసరు, ఈ చివర మా మరిది. ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కమిషనర్ నా ధ్రువపత్రం పైకి చదివారు.

"దీని మీద మీరేమైనా చెప్పాలా?" అని అతన్ని అడిగారు.

"చెప్పాల్సింది మా వదినకు చెప్పానండి. ఆవిడే నమ్మలేదు. మీరెందుకు నమ్ముతారు?"

నేను లేచి పట్టిక కమిషనర్ ముందు పెట్టాను. "ఆ ధ్రువపత్రం తప్పండి. ఫిర్యాదు వచ్చింది. మేమే దాచేశాం." ఆఫీసరు దగ్గారు. నేను ఆగలేదు. పూర్తిగా చెప్పేశాను.

కమిషనర్ పట్టిక మీద వేలు పెట్టారు. "ఈ చేతిరాత ఎవరిది?"

"నాదేనండి."

ఆవిడ చాలాసేపు పట్టిక చదివారు. తర్వాత నోటీసు రద్దు చేస్తున్నట్టు దాని మీదే రాసిచ్చి, ఇంజనీర్లను పద్నాలుగో వీధికి పంపమని ఫోన్లో చెప్పారు. నాకు మెమో వస్తుందన్నారు. దాచినవన్నీ సాయంత్రంలోగా తెరిచి జవాబులు మొదలుపెట్టాలన్నారు.

మరిది నా పక్కనుంచే వెళ్తూ ఆగాడు. "నా మాట నమ్మొద్దు, సరే, నేను కోతలు కోస్తాను. కానీ ఫోన్ మీ చేతిలో పెట్టాను కదా వదినా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. రెండో షిఫ్టు బస్సుకు టైమైందని వెళ్లిపోయాడు.

సీట్లో కూర్చుని ఈసారి బోర్డు కాదు, పేజీనే నేరుగా తెరిచాను. దాచిన కామెంట్లు రెండు వందల పన్నెండు. ఒక్కొక్కటే చదువుతూ పైకి తెస్తున్నాను. పద్నాలుగో వీధివే సగం. టైలరమ్మ రాసింది వచ్చింది. "వాసన గురించి ఎన్నిసార్లు రాసినా ఎవరూ పలకరు. చూస్తూ కూడా చూడనట్టు నటిస్తున్నారు."

దాని కిందే చెల్లెలు జవాబు రాసింది.

"అలా అనకండి పిన్నీ. ఆ పేజీ చూసేది మా అక్కే. వాసన సంగతి తన కంటపడితే ఊరుకునే మనిషి కాదు. ఇంకా చూసుండదు, అంతే. నాదీ పూచీ."

తేదీ చూశాను. సోమవారం. నేను సంతకం పెట్టడానికి ముందు రోజు. పక్క సీటు అమ్మాయి ఏమైంది మేడం అంటూ మంచినీళ్ల గ్లాసు తెచ్చిచ్చింది. నేను దాన్ని పట్టుకుని, సిగ్గులేకుండా అందరి ముందే ఏడ్చాను.