తల దువ్వుకొని వస్త

పడవ ఒడ్డుకు చేరాక ఆశన్నకు మూడు పనులుండేవి. మొదట ఇత్తడి చేపను తుడిచి దాని రెక్కలు వంగాయేమో చూడాలి. తర్వాత పొడుగాటి తాడును మెలికలు తీసి ఆరేయాలి. చివరికి గడియారం మూత విప్పి కుట్టుమిషను నూనె రెండంటే రెండే చుక్కలు వేయాలి. మూడో చుక్క పడితే దుమ్ము పట్టుకుని లోపలి పళ్ళు అరిగిపోతాయి.

పడవ ఎంత దూరం, ఎంత వేగంగా పోయిందో చెప్పే యంత్రం అది. నిజాంసాగర్ నీళ్ళ మీద తెరచాప పడవలో తిరిగే సర్కారు సాబు దాన్ని బొంబాయి నుంచి తెప్పించుకున్నాడు. కామారెడ్డి దాకా రైల్లో, అక్కడి నుంచి ఎల్లారెడ్డి మీదుగా ఎడ్లబండిలో, గడ్డి చుట్టుకుని వచ్చింది. పడవ వెనక గడియారం, గడియారానికి తాడు, తాడు కొసన నీళ్ళలో జానెడు ఇత్తడి చేప. పడవ కదిలితే చేప గిరగిరా తిరుగుతుంది, దానితో తాడు తిరుగుతుంది, తాడు గడియారంలో ముల్లును నడుపుతుంది. సముద్రాల మీద పోయే ఓడల కోసం చేసిన సరుకు. మునిగిన ఊళ్ళ మీద తిరగాల్సి వస్తుందని దాన్ని చేసినవాడికి ఎవరు చెప్పారు?

ముల్లు ఆగిపోతే ఆశన్న తాడును రెండు వేళ్ళతో పట్టుకునేవాడు. తాడు వణికితే చేప తిరుగుతున్నట్టు, రోగం గడియారంలో. వణక్కపోతే రోగం చేపలో. చుక్కాని పట్టే స్వామిదాసు మెదక్ మిషను బడిలో నాలుగు ముక్కలు ఇంగ్లీషు చదివినవాడు. యంత్రంతో వచ్చిన కాగితం చదివి చెప్పాడు: ముల్లు ఆగితే ముందు చేపకు నాచు చుట్టుకుందేమో చూడాలని. కాగితంలో వెంట్రుకల సంగతి లేదు.

నీళ్ళ కింద మునిగిన తన ఊరు కొండాయిపల్లి మీదికి రాగానే తాడు వణకడం మానేసేది. చేపను పైకి లాగితే రెక్కల నిండా నెరిసిన పొడుగాటి వెంట్రుకలు, ఆముదం వాసనతో.

"మీ అవ్వ తల దువ్వుడు ఇంకా ఒడువలేదా?" అని అడిగేవాడు స్వామిదాసు.

"యాడ ఒడుస్తది దాసన్నా? మోకాళ్ళ దాక జుట్టాయె," అంటూ ఆశన్న కొయ్య దువ్వెనతో చిక్కు విప్పేవాడు.

ఆశన్న తల్లి గౌరవ్వ సంగతి ముంపు ఊళ్ళలో తెలియనివాళ్ళు లేరు. ఏడేళ్ళ కింద, నీళ్ళొస్తున్నాయని సర్కారు దండోరా వేయిస్తే కొండాయిపల్లి అంతా బండ్లు కట్టింది. గౌరవ్వ మాత్రం గడప మీద కూర్చుని కొప్పు విప్పింది.

"మీరు నడువుండ్రి. తల దువ్వుకొని వస్త. జుట్టు ఇరబోసుకొని పొలిమేర దాటుతరా ఎవలన్న?"

బండ్లు కదిలాయి. నీళ్ళు గడప దాకా వచ్చాయి, తర్వాత దూలం దాకా వచ్చాయి. గౌరవ్వ దువ్వుకుంటూనే ఉంది. పొడుగు జుట్టు, పొద్దుపడుతుంది మరి, అనుకున్నారు జనం. చేపలు పట్టేవాళ్ళు తమ వలలో ఆ వెంట్రుకలు పడితే దండం పెట్టి నీళ్ళలోకి వదిలేసేవాళ్ళు.

ఆ రోజు తల్లి మాటను ఆశన్న నమ్మలేదు. రానని చెప్పలేక చెప్పిన మాట అని అతనికి తెలుసు. తెలిసీ నమ్మినట్టు తలూపి ఎడ్లను అదిలించాడు. ఏడేళ్ళుగా, ఎడ్లను అదిలించిన ఆ చెయ్యి అతనికి సుఖంగా అన్నం పెట్టలేదు.

అందుకే ఆ వెంట్రుకలంటే అతనికి ప్రాణం. ఆముదం వాసనుంటే అవ్వ ఇంట్లో నూనె ఉన్నట్టు. కుచ్చుకుచ్చుగా రాలితే జ్వరమొచ్చి తగ్గినట్టు. కుంకుడు వాసనొస్తే తలంటుకున్నట్టు. ఇంటికి తెస్తే పెళ్ళాం సాలవ్వ ఉండ చుట్టి గోడ సందులో పెట్టేది. సూదులు, పిన్నీసులు ఇచ్చి వెంట్రుకలు తీసుకుపోయేవాడు ఎల్లారెడ్డి నుంచి వీధిలోకి వస్తే తన వెంట్రుకలే ఇచ్చేది.

"అత్తయి నేనెట్ల ఇస్త? రేపొచ్చి నా ఎంటికలేవంటే ఏం చెప్పాలె?" అనేది.

ఇంతలో సాబు సాగరానికి పటం గీయడం మొదలుపెట్టాడు. కొండాయిపల్లి మీద ముల్లు నడవకపోవడంతో పటంలో రెండు ఒడ్లు అర మైలు దగ్గరికి జరిగాయి. హైదరాబాదు నుంచి పెద్దసాబు శుక్రవారం వస్తున్నాడు, పడవెక్కి పటం సరిచూస్తాడట.

"ఎంటికలు ఎవరివైతే నాకేంది?" అన్నాడు సాబు. "జుమ్మా రోజు యంత్రం నడవాలె. నడిస్తే నీ నౌకరీ పక్కా. లేకుంటే వేరే ఆద్మీని పెట్టుకుంట."

ఆ నౌకరీ పోతే ఆశన్నకు వేరే దిక్కు లేదు. భూమి నీళ్ళ కింద ఉంది, ముగ్గురు పిల్లలు నీళ్ళ పైన ఉన్నారు. తాడు పొట్టి చేసి చూశాడు. చేప పైపైకి తేలింది, వెంట్రుకలూ పైకి తేలాయి. రెక్కల అంచులు ఆకురాయితో నున్నగా అరగదీశాడు. జారిపోకుండా ఇంకా గట్టిగా చుట్టుకున్నాయి. తీగెతో బుట్ట అల్లి చేపను అందులో పెట్టాడు. చేప తిరగడమే మానేసింది.

గురువారం సాబు లేనప్పుడు పడవను కొండాయిపల్లి మీద ఆపించి, అంచు మీద నుంచి నీళ్ళలోకి వంగాడు.

"అవ్వా, ఏడేండ్లాయె దువ్వబట్టి! ఇంక సాలు. నీ ఎంటికల మీద నా పిల్లల బువ్వ పోతున్నది. కోసుకుంటవో, ముడేసుకుంటవో, నీ ఇష్టం!"

"కన్నతల్లిని గట్లంటరా ఆశన్నా?" అన్నాడు స్వామిదాసు.

"మరెట్లంటరు? నువ్వు చెప్పు."

స్వామిదాసు చుక్కాని తిప్పాడు.

శుక్రవారం సాబులిద్దరూ ఎక్కారు. కొండాయిపల్లి మీద తాడు చచ్చుబడింది. ఆశన్న లాగాడు, ఈసారి బరువుగా వచ్చింది. చిక్కులేమీ లేవు. మోకాళ్ళ దాకా ఉండే జుట్టంతా కుదురు దగ్గర కోసి, చిక్కు తీసి, నూనె రాసి, జడ అల్లి, కొసన ఎర్రదారంతో ముడేసి ఉంది. పిల్లను బడికి పంపేటప్పుడు వేసినంత శ్రద్ధగా ఉంది ఆ జడ. ఆశన్న దాన్ని చేప నుంచి విడదీసి తడితడిగానే అంగీ లోపల పెట్టుకుని, చేపను మళ్ళీ వదిలాడు.

తాడు వణికింది. ముల్లు కొండాయిపల్లి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎక్కడా ఆగకుండా నడిచింది. పటంలో తగ్గిన అర మైలు తిరిగి వచ్చింది.

"షాబాష్!" అన్నాడు సాబు. "నీ నౌకరీ పక్కా."

ఇంట్లో జడ చూసి సాలవ్వ చేటలోని బీడీ ఆకు పక్కన పెట్టి లేచింది. "ఇంకేంది, దువ్వుడు ఒడిసింది. అత్త వస్తది," అని ఇల్లు అలికింది. పళ్ళు లేని మనిషని జొన్నరొట్టెను పాలలో నానబెట్టింది. పొద్దుగూకేదాకా ఇద్దరూ పిల్లలతో కట్ట మీద నిలబడ్డారు. మర్నాడూ నిలబడ్డారు. నెల దాకా రొట్టె నానుతూనే ఉంది. గౌరవ్వ రాలేదు.

చుట్టాలు వచ్చి దినాలు చెయ్యమన్నారు, గుండు చేయించుకోమన్నారు.

"సచ్చిందని ఎవలు చెప్పిండ్రు మీకు?" అని ఆశన్న వాళ్ళ మీద లేచాడు.

వాళ్ళు పోయాక సాలవ్వ మెల్లగా అంది: "ఇరబోసుకొనే పొలిమేర దాటనన్న మనిషి, బోడి తలతోని ఎట్లొస్తది? సిగ్గువడి ఉంటది. మల్ల పెరగనియ్యి."

ఆ మాటకు ఆశన్న గోడకేసి తల కొట్టుకుని ఏడ్చాడు. కోసుకొమ్మన్నది తనే.

నాలుగేళ్ళు గడిచాయి. సాబు బదిలీ అయి, ఇంకో సాబు వచ్చాడు. యంత్రం ఒక్కసారైనా ఆగలేదని కొత్త సాబు ఆశన్నకు జీతం పెంచాడు. ఆశన్న వారానికి రెండుసార్లు తన ఇంటి మీదుగా పోతూ తాడును రెండు వేళ్ళతో పట్టుకునేవాడు. దువ్వెన ఎప్పుడూ అంగీ జేబులోనే ఉండేది.

ఒక సోమవారం పొద్దున, సరిగ్గా కొండాయిపల్లి మీద, తాడు వణకడం మానేసింది.

ఆశన్న "దాసన్నా, పడవ ఆపు! ఆపు!" అని అరుస్తూ తాడు లాగాడు. నూటయాభై అడుగుల తాడు అతని కాళ్ళ చుట్టూ కుప్పపడింది. చేప పైకి వచ్చింది.

"ఏందన్నా? వచ్చిందా?" అన్నాడు స్వామిదాసు.

ఆశన్న జేబులోంచి దువ్వెన తీసి రెక్కలను ఒకటికి రెండుసార్లు దువ్వి చూశాడు. వాసన చూశాడు.

"నాచు," అన్నాడు.