ఎవరూ నాటని పొద

ఎదెల్మీరా పడవ దిగి మిట్ట ఎక్కేసరికి చేను బోడిగుండులా ఉంది. తమ్ముడు ఆర్తెమియో ఆమె లేనప్పుడు చేను బాగుచేయడానికి ఇరుగుపొరుగును పిలిచి మింగా పెట్టాడు. మింగా అంటే అందరూ వచ్చి ఊరికే చాకిరీ చేస్తారు. చేను గలవాళ్ళు కడుపునిండా పెట్టి, నోరారా మెచ్చుకోవాలి. చిలోయే దీవిలో పుట్టినవాళ్ళెవరూ అది తప్పరు. ముళ్ళకంపతోపాటు ఆమె పెంచుకున్న మూర్తా అనే అడవిపళ్ళ పొదల్నీ పెళ్ళగించి గట్టున కుప్ప పోశారు. వాటి తొలికాపు, ఎర్రటి పళ్ళు, మట్టిలో నలిగి తియ్యటి వాసన కొడుతోంది.

అమ్మ పళ్ళు ఏరుకున్న కొండవాలును నీలగిరి తోట కోసం చదును చేస్తుంటే, ఆమె పరుగున వెళ్ళి కొమ్మలు తుంచి తెచ్చి నాటిన పొదలవి. ఆ వాలు మీది రకం మూర్తా ఇంకెక్కడా లేదు. లేత మొక్కలు మంచుకు మాడకుండా ప్రతి చలికాలమూ గోతాలు కప్పింది.

అందరూ నవ్వుముఖాలతో ఆమెకేసి చూస్తున్నారు. ఆమె పెదవులు అలవాటుగా మెప్పుమాట కోసం విడివడ్డాయి. ముందు ఆ పెదవుల మీదే ఆమెకు ఒళ్ళు మండింది.

"మూర్తాని ఎవరైనా నాటుకుంటారా అక్కా? అడవి నిండా అదేగా" అన్నాడు ఆర్తెమియో.

"గోతాలు చూసి, పందిని పడుకోబెట్టావనుకున్నానే" అన్నాడు పక్కచేను ముసలి ఓవిదియో. అందరూ నవ్వారు. అంటే ఆయన చూశాడు. చూసి కూడా అడగలేదు.

వాళ్ళు చెడ్డవాళ్ళయితే ఎంత బాగుండేది! మంచితనంతో చేసిన పనిని తిట్టడానికి ఆమెకు మాటలు నేర్పినవాళ్ళు లేరు. పొయ్యిమీద వాళ్ళ కోసం పందిమాంసం కుతకుతలాడుతోంది. దాని మీద మూత పెట్టేసింది.

"ఆ పొదలు మళ్ళీ నేలలోకి వెళ్ళేదాకా ఎవరికీ గరిటె పడదు."

ఇద్దరు పారలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు. రేపు తన ఇంటికప్పు ఎగిరిపోయినా వాళ్ళు రారు. ఆ సంగతి తెలిసీ ఆమె వెనక్కి పిలవలేదు.

మిగిలినవాళ్ళు గుంటలు తవ్వారు. వేళ్ళు తెగనివి ఏరి ఒక్కొక్కటే అందించింది ఆమె. ఓవిదియో మడమతో మట్టి తొక్కుతుంటే చెయ్యి అడ్డుపెట్టి, మొక్క పైకి లాగి, మళ్ళీ మెల్లగా పాతింది. ఆయన ముఖం ఎర్రబడింది. పని సాగేకొద్దీ కోపం చల్లారుతుందనుకుంది. చల్లారలేదు, తనకు కావలసిన చోటు దొరికినట్టు గుండెలో సర్దుకుని కూర్చుంది.

సగం పొదలైనా బతుకుతాయో లేదో. ఆమె మూత తీసి అందరికీ వడ్డించింది.

ఆర్తెమియో పళ్ళెం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"కోపం పోయిందా అక్కా?"

"లేదు. తిను."