మూడో పొరలో పెంకు

రోడ్డు పక్క తన చేనుకి పురావస్తు శాఖ కంచె పడిందంటే అదంతా ప్రొఫెసరమ్మ చలవేనని మేస్త్రీ ఇరవై ఆరేళ్ళుగా కనబడినవాడికల్లా చెబుతూనే ఉన్నాడు. తవ్వకాల్లో ఆవిడ కోసం మట్టి మోసిందీ తనే, ఆవిడ మూలంగా నోట్లో మట్టి పడిందీ తనకే. ఆ చేనులో, మూడో పొరలో దొరికిన రంగు కుండపెంకు ఒక్కటి పట్టుకుని ఆవిడ పాత నగరం వయసు రెండు వందల ఏళ్ళు వెనక్కి జరిపింది, పుస్తకం రాసింది, ప్రొఫెసరైంది. ఇతనికి బావి పక్క చేను ఒక్కటే మిగిలింది. ఇంటిల్లిపాదీ దాని మీదే బతకాలి.

ఆవిడ రిటైరవడానికి ఇంక వారమే ఉంది. ఆఖరి నివేదిక ఇవాళ సాయంత్రం పంపేస్తుంది. అది వెళ్ళిందంటే కంచె ఇక కదలదు.

అసలు సంగతి మేస్త్రీ ఒక్కడికే తెలుసు. ఆ రోజు వాన ముంచుకొస్తుంటే పెంకులు పోసిన తట్టలు తారుమారయ్యాయి. పెంకు వచ్చింది బావి పక్కన తవ్వి పూడ్చేసిన చిన్న గుంటలోంచి. పని పోతుందన్న భయంతో అప్పుడు నోరు మెదపలేదు. ఇప్పుడు చెబితే ఆవిడ పుస్తకం మట్టిలో కలుస్తుంది, తన చేను తనకొస్తుంది. దారంతా ఆ మాటే వల్లించుకుంటూ వచ్చి, తీరా ఆవిడ గది గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏంటి మేస్త్రీ, అలా నిలబడిపోయావ్? మోకాళ్ళు అరిగింది నాకు కదా."

"అమ్మగారూ, ఆ పెంకు... మూడో పొరది కాదండీ."

వాన, తట్టలు, గుంట, అన్నీ చెప్పేశాడు. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. తిడుతుందో ఏడుస్తుందో మేస్త్రీకి తెలియలేదు.

ఆవిడ నవ్వింది.

"ఎంత పని చేశావయ్యా. పక్క పెంకులతో పొంతన కుదరక ఎన్ని సభల్లో తలదించుకున్నానో తెలుసా? బావికి ఎన్ని అడుగుల దూరం?"

"పది, పన్నెండు ఉంటుందండీ. మరి రోడ్డు చేను వదిలేస్తారుగా?"

"గోడ పునాదులు బయటపడ్డాక అదెందుకు వదులుతారు?" ఆవిడ అప్పటికే రాయడం మొదలుపెట్టింది. "అయితే పాత ఊరు బావి వైపున ఉందన్నమాట. ఆ చేనూ నీదేగా?"

మేస్త్రీ తలుపు పట్టుకున్నాడు. "అది మాత్రం రాయకండి అమ్మగారూ."

"రాయకపోతే ఎలా? ఒకసారి తప్పు రాసిందే చాలు."

ఆర్నెల్లకి కంచె బావి దాటింది. రోడ్డు పక్క ఎకరం ముప్పావు, బావి పక్క ఎకరంన్నర. మొత్తం మూడుంపావు ఎకరాలు.