చేతివాటం

రచయిత్రి నవలలో నాయిక గరిటె తిప్పితే విడిపోయిన దంపతులు ఒక్కటవుతారు. ఆమె తాలింపు వేస్తే సముద్రానికి ఆవల ఉన్న చెల్లెలికి వెక్కిళ్ళు వస్తాయి. రచయిత్రి స్వయంగా గరిటె పడితే మాత్రం పొగ గంట మోగుతుంది, పై అంతస్తువాళ్ళు పిల్లాజెల్లాతో వీధిలోకి దిగివస్తారు.

అటువంటి ఇంటికి సంపాదకుడు భోజనానికి వస్తానన్నాడు. అతడు రచయిత్రి వచ్చి స్థిరపడిన ఆ పరాయి దేశంలోనే పుట్టి, ఆదివారపు తరగతుల్లో తెలుగు నేర్చుకున్న మనిషి. "మీ వంట తిన్నాకే నవల అచ్చు సంగతి. మీ నాయిక వంట రహస్యం మీలో ఉందో లేదో తెలియాలి కదండీ!" అన్నాడు ఫోనులో.

కింది వాటాలోని వదినను అడగవచ్చు. అడిగితే కాదనదు, కాని జన్మంతా దెప్పుతుంది. అందుకని ఆమె బట్టలుతికే గదికి వెళ్ళిన అదను చూసి, తన దగ్గరున్న మారు తాళంచెవితో తలుపు తీసి, పొయ్యి మీది బంగాళాదుంప కూరను గిన్నెతో సహా శాలువా కింద దాచి తెచ్చేసింది రచయిత్రి.

సంపాదకుడు తొలి ముద్దకు కళ్ళు మూసుకున్నాడు. మలి ముద్దకు అవి చెమర్చాయి.

"అబ్బ! ఏం చేతివాటమండీ మీది!"

చేతి మహిమ అనబోయి ఆ మాట అన్నాడని ఆమెకు తట్టలేదు. ముఖం పాలిపోయింది.

"ఎ... ఎవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పాలా? నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. చిన్నప్పుడే అబ్బిందా?"

"అయ్యో, ఇదే మొదటిసారండీ, ఒట్టు!"

"మొదటిసారికే ఇంత నేర్పా! మీ వంశంలోనే ఉందేమో."

"మావాళ్ళననకండి! గిన్నె తోమి ఇచ్చేద్దామనే అనుకున్నాను!"

"ఏ గిన్నె?"

"ఆ గిన్నే, బాబూ." తడి బట్టల బుట్టతో గుమ్మంలో నిలబడి ఉంది వదిన. "మెట్ల పొడుగునా వాసన పట్టుకుంటూ వచ్చాను. ఏమ్మా మహా రచయిత్రీ, నోరు తెరిచి అడిగితే అరిగిపోతావా?"

ఏళ్ళ తరబడి రాసిన నవల గంగలో కలిసిందని రచయిత్రికి అర్థమైపోయింది.

సంపాదకుడు భక్తిగా వదిన వైపు తిరిగాడు. "అమ్మా, ఇందులో ఏ రహస్యం కలిపారు?"

"రహస్యమా, నా బొందా! నిన్నటి కూర. అడుగంటబోతే నీళ్ళు చిలకరించాను."

అతడు రచయిత్రి శాలువా మీది పసుపు మరకను చూశాడు. ఆపుకోలేక నవ్వాడు.

"ఆ నాయికను తీసేయండి. వెక్కిళ్ళూ వద్దు. శాలువాలో గిన్నె దాచుకుని మెట్లెక్కే మనిషిని రాయండి, అచ్చు వేస్తాను."

"రాసుకోనీ," అంది వదిన, తనూ ఒక కంచం ముందుకు లాక్కుంటూ. "కూర అడుగంటిందని మాత్రం రాశావో, నా తాళంచెవి నాకిచ్చెయ్యి."