రెండు పూతల గోడ

తోటికోడలు తూదా గోడ తళతళలాడిన నాటి నుంచి ఇత్తోకి రొట్టె గొంతు దిగడం లేదు. ఆ ఊళ్లో గోడలకు గని మట్టే పూస్తారు. సీసం గని మూతబడి నలభై ఏళ్లయినా, రాయి పిండి చేసి పారబోసిన తెల్లమట్టి ఊరి పక్కన కొండంత పడి ఉంది. దాని కింద వాగులో చేప బతకదు, గట్టున గడ్డి మొలవదు. గాలి లేచిందంటే ఊరంతా తెల్లబడిపోతుంది. అయినా నునుపంటే ఆ మట్టిదే.

పెద్దకోడలు తనైతే, పేరు చిన్నదానికా? ఇత్తో గాడిద మీద ఎనిమిది బస్తాలు తోలుకొచ్చి, లోపలా బయటా రెండేసి పూతలు వేసింది. నాలుగేళ్ల కూతురు ఇజ్జా తడిగోడను నాకుతుంటే, పిల్లలన్నాక మట్టి నాకరా అనుకుంది.

పూత ఆరకముందే తూదా వచ్చింది.

“అక్కా, అది గీకెయ్. మా గోడ నాకిన గొర్రె చచ్చిన పిల్లని ఈనింది. మేం గీకేసి ఎగువ ఎర్రమట్టి పూసుకున్నాం.”

“నాది నీ గోడ కంటే నున్నగా వచ్చిందని కళ్లు కుట్టాయా?”

“కుట్టడం కాదక్కా, ఇజ్జా చూడు, మూతి నిండా ఆ మట్టే…”

“నా పిల్ల సంగతి నాకు తెలుసులే. టీ తాగితే తాగు, లేదంటే నీ ఎర్రగోడ దగ్గరికి పో.”

తూదా టీ తాగకుండానే వెళ్లిపోయింది. ఇత్తో వారం రోజులు గెలిచినదానిలా తిరిగింది. కుళ్లుకి చెవులుండవు మరి.

ఎండలు ముదిరేసరికి ఇజ్జా ఆట మానేసింది. కడుపునొప్పని ముడుచుకుని పడుకునేది. పట్నం నర్సు వచ్చి ఊళ్లో పిల్లలందరి రక్తం తీసుకెళ్లింది. మూడు వారాలకు తిరిగొచ్చి, ఎవరి ఒంట్లో సీసం ఎంతుందో తల్లులందరి ముందూ చదివింది.

“తూదా కొడుక్కి పన్నెండు. ఇత్తో కూతురికి నలభై ఏడు.”

పాత అలవాటు. మనదే ఎక్కువని ఇత్తో తల ఎత్తేసింది. తర్వాత నర్సు మొహం చూసింది. అప్పుడు అర్థమైంది.

తూదా ఇజ్జాను చంకకెత్తుకుంది. “రెండు పూతలు కదక్కా, ఒక్కదానివల్ల కాదు. పొద్దున్నే వస్తాను, ఇద్దరం గీకేద్దాం.”

ఇత్తో కళ్లు గుమ్మంలో గెంతుతున్న తూదా కొడుకు మీదే ఉన్నాయి. గోడకీ, గొర్రెలకీ, పేరుకీ ఇన్నేళ్లూ పడ్డ అసూయంతా ఒక ఎత్తు. ఆ పన్నెండును తలుచుకుని ఆమె కడుపు మండడం ఇంకో ఎత్తు.