అరువు మీసం

పొద్దున్నే ఆఫీసు కిటికీలు తీసి, బల్ల తుడిచి, ఫోను చేతిలోకి తీసుకోగానే సుజాత పోతురాజు బాబాయి అయిపోతుంది. "ఏరా అబ్బాయ్, మామిడిపూత మీద మంచు పడిందని కంగారుపడి మందు కొట్టకు. ఎండ రానీ, చెట్టు ఆరనీ, అప్పుడు చూద్దాం" అని ఒకరికి రాస్తుంది. "అమ్మాయ్, ఆకు జిగురుగా ఉందంటే తేనెమంచు పురుగేమో. దగ్గరగా ఫొటో తీసి పంపు" అని ఇంకొకరికి. టీ చల్లారేలోగా పదిమందికైనా జవాబులు వెళ్ళిపోతాయి.

పోతురాజు బాబాయి అనే మనిషి లేడు. తలపాగా, బుర్రమీసాలు ఉన్న ఒక బొమ్మను ఇంటర్నెట్టులో కొన్నారు, అంతే. మొదట్లో సుజాత తన పేరుతోనే రాసేది. ఇవే మాటలు, వ్యవసాయాధికారిని అడిగి రూఢి చేసుకున్నవే. చదివేవాళ్ళు లేరు గానీ, "ఈవిడెవరండీ మాకు చెప్పడానికి?" అనేవాళ్ళు మాత్రం ఉండేవారు. మీసం తగిలించగానే రెడ్డిగూడెం నుంచి మైలవరం దాకా అందరూ వినడం మొదలుపెట్టారు. అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండుతుంది.

మీసం ఆలోచన రాజీవ్‌ది. తోటలున్న ఇంటి కుర్రాడు, బెంగుళూరులో ఉద్యోగం వదిలేసి వచ్చి నూజివీడులో 'తోటబాట' అని యాప్ పెట్టాడు. రైతు కాయను దళారి లేకుండా కొనేవాడికి చేర్చడం దాని పని. చెడ్డవాడేం కాదు. గోడమీది తెల్లబోర్డు మీద "ముందు నమ్మకం, తర్వాత అమ్మకం" అని రాసి, దాన్ని కంటెంట్ స్ట్రాటజీ అంటాడు. రైతుకు పనికొచ్చే మాట ఊరికే చెప్పాలి, గురి కుదిరాక అతనే యాప్ దించుకుంటాడు. ఆ గురి కుదిర్చే పని సుజాతది.

సుజాత నలభై దాటిన మనిషి. పొట్టిగా, బక్కపలచగా ఉంటుంది. కళ్ళద్దాలు ముక్కుమీదికి జారుతుంటాయి, కుడి మణికట్టుకు ఎప్పుడూ ఒక పట్టీ. బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్లో పట్టుకున్న నొప్పి అది. భర్త పోయాక ఆ టైపు మీదే కూతురు రమ్యను నర్సింగు చదివించింది. శుభలేఖలు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు, ఊళ్ళో ఎవరింట ఏం జరిగినా పేర్లలో తప్పు పడకుండా చూసింది ఆమే. వాటికింద ఆమె పేరు ఉండాలని ఎవరికీ తోచలేదు. చాలాకాలం ఆమెకూ తోచలేదు.

భోజనాల ముందు విజయవాడ నుంచి రాజీవ్ ఫోన్ చేశాడు.

"సుజాత గారూ, స్పాన్సర్ చెయ్యడానికి మందుల కంపెనీ వాళ్ళు ఓకే అన్నారండీ! వాళ్ళ పూతమందు మీద బాబాయి చేత ఒక పోస్టు పెట్టించండి. 'నా తోటలో కొట్టాను, ఒక్క పువ్వు రాలలేదు' అని. సాయంత్రానికి పడిపోవాలి."

"బాబాయికి తోటెక్కడిదండీ?"

"అబ్బా, కంటెంటే గదండీ."

"ఆ మందు ఇక్కడెవరైనా కొట్టి చూశారా?"

"చూస్తార్లెండి. ఈ డబ్బు రాకపోతే కాయ కోతకొచ్చేలోపు మనం మూసుకోవాలి. మీ జీతం కూడా ఇందులోదేగా."

"వాళ్ళ పేరుతో వాళ్ళనే చెప్పుకోమనండి. ప్రకటన అని రాసి వేస్తాను."

"ప్రకటన ఎవరు నమ్ముతారండీ? బాబాయి చెప్తే కళ్ళు మూసుకుని కొంటారు. మీవల్ల కాదంటే చెప్పండి, రేపొద్దున వచ్చి నేనే రాసుకుంటాను."

అదీ అసలు సంగతి. బాబాయి చెబితే కళ్ళు మూసుకుని కొంటారు, కొడతారు. పూత మాడితే ఏడాది పంట పోయేది వాళ్ళకు. బాబాయికి పోయేదేమీ లేదు.

సుజాత క్యారేజీ విప్పి పెరుగన్నం తినబోయి, మళ్ళీ మూత పెట్టేసింది. ఇన్నాళ్ళూ తన మాట ఆ బొమ్మ నోట్లో పెట్టింది, ఇప్పుడు ఎవడి మాటో తెచ్చి పెడతారా? తను మానేసి పోతే సరిపోదు. పాస్‌వర్డ్ రాజీవ్ దగ్గరా ఉంది. బాబాయి మాట్లాడుతూనే ఉంటాడు, బతికున్నంతకాలం ఎవరికో ఒకరికి అమ్ముడుపోతూనే ఉంటాడు.

అందుకని చంపేసింది.

చేతికి అలవాటైన పనే. బొమ్మ చుట్టూ నల్ల అంచు గీసి, పక్కన దీపం పెట్టి, కింద ఇలా టైపు చేసింది: "పోతురాజు బాబాయి ఇక లేరు. ఇకమీదట ఆయన పేరుతో ఎవరు ఏ మందు చెప్పినా కొట్టకండి. ఇన్నాళ్ళూ ఆ మాటలు రాసింది నేను. సుజాత, నూజివీడు." తన పేరులో తప్పు పడిందేమోనని మళ్ళీ ఒకసారి చూసుకుని పోస్టు చేసింది.

సాయంత్రం దాకా ఫోను ఆగకుండా మోగింది. "అయ్యో బాబాయ్" అని కొందరు, "పెద్దకర్మ ఎప్పుడండీ" అని కొందరు. నడుమ రాజీవ్ పేరు వస్తూ పోతూ ఉంది. ఎత్తలేదు. ఆఫీసు ఫోను బల్లమీదే పెట్టి, బయటికొచ్చి తాళం వేసి, తన తాళంచెవిని తలుపు కిందనుంచి లోపలికి తోసేసింది. రాజీవ్ దగ్గర ఇంకొకటి ఉంది.

అప్పుడే ఒక ముసలావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో చామంతి దండ.

"నేను రెడ్డిగూడెం అచ్చమ్మనమ్మా. పోయారని మనవడు చదివి చెప్పాడు. బాబాయిని ఎక్కడుంచారు? ఆఖరిచూపు చూసి పోదామని."

సుజాత ఇంకొక్క అబద్ధం కూడా ఆడదలుచుకోలేదు. "అలాంటి మనిషి లేడండీ. అది బొమ్మ. మాటలన్నీ నావే."

అచ్చమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "కిందటేడు నేను అడ్డమైన మందూ కొట్టబోతే తిట్టి మాన్పించింది?"

"నేనేనండీ."

"మరి ఆ మీసాలెందుకే తల్లీ నీకు?"

"నా పేరుతో చెప్తే ఎవరూ వినలేదండీ."

"నేనూ వినుండేదాన్ని కాదేమోలే" అంది అచ్చమ్మ. "ఇప్పుడు వింటా. నీ నంబరియ్యి."

సుజాత తన సొంత నంబరు చెప్పింది. కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు.

దిగబోతూ అచ్చమ్మ చేతిలోకి చూసుకుంది. "చావుకని తెచ్చింది, ఇంటికి తిరిగి పట్టుకుపోకూడదమ్మా. ఏం చెయ్యను?"

సుజాత తలుపు వైపు చూపించింది. ఇద్దరూ కలిసి మెట్లు దిగి, ఆటోల వైపు నడిచారు.

పొద్దున రాజీవ్ వచ్చి తాళం తీయాలంటే, ముందు గొళ్ళానికి వేలాడుతున్న ఆ చామంతి దండను తన చేత్తో తీయాలి.